పాతదానికి మరమ్మతా, కొత్తదా? – ధవళేశ్వరం ఆనకట్టనుండి లాప్‌టాప్ వరకు

కోరుకొండవంటి ఊరిలో ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుని దగ్గర ఎనిమిదేళ్ళనాటి లాప్‌టాప్ ఒకటి ఉన్నదనుకొందాం. మీట నొక్కిన తరువాత అది మేలుకొనేలోపల తరగతిలో హాజరు పిలవడం పూర్తవుతుంది. తీగ ఊడితే పది నిముషాలకే ఆరిపోతుంది. పదవ తరగతికి సిద్ధం చేసిన పాఠాలు, పటాలు, మార్కుల జాబితాలు అన్నీ దానిలోనే ఉన్నవి. రాజమహేంద్రవరం తీసుకుపోయి బాగుచేయించి మరి మూడేళ్ళు నడపడమా, ఆ డబ్బుకు మరికొంత చేర్చి కొత్తది కొనడమా? అంగడిలో ఒక సలహా వస్తుంది, బడిలో మరొక సలహా వస్తుంది. చాలామంది ఎటూ తేల్చుకోలేక, అది పూర్తిగా ఆగిపోయేదాకా అట్లాగే లాక్కువస్తారు.

లాప్‌టాప్ కొత్త వస్తువే గాని ఈ ప్రశ్న కొత్తది కాదు. కోరుకొండకు దక్షిణాన, రాజమహేంద్రవరం దాటగానే ఉన్న ధవళేశ్వరం దగ్గర ఇదే ప్రశ్న నూరేళ్ళకు పైగా ఇంజనీర్లను వదలలేదు. అక్కడ పాతబడుతూ వచ్చినది గోదావరి ఆనకట్ట. దానిమీద ఆధారపడి ఉన్నది రమారమి పది లక్షల ఎకరాల సాగు.

ఆనకట్టకు పూర్వపు గోదావరి జిల్లాను ఇప్పుడు ఊహించుకోవడం కష్టం. 1833 నాటి కరువు, 1839లో కోరింగను ముంచిన తుపాను, వాటి మధ్య నీరు చాలని పంటలు ఆ ప్రాంతాన్ని పీల్చివేసినవి. 1821లో 7 లక్షల 38 వేలున్న రాజమహేంద్రవరం జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయినది. నది మాత్రం ఏటా నిండుగా పారి సముద్రంలో కలుస్తూనే ఉండేది. మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన ఆర్థర్ కాటన్ 1844, 1845 సంవత్సరాలలో నివేదికలు పంపి, గోదావరికి అడ్డంగా ఆనకట్ట కట్టి కాలువలు తవ్వాలని వాదించాడు. 1847లో పని మొదలై 1852లో పూర్తయినది.

కాటన్ ఎన్నుకొన్న చోటు చూచేవారికి వింతగా తోస్తుంది. ధవళేశ్వరం దగ్గర నది చాలా వెడల్పు. కాని అక్కడ నది నడుమ లంకలున్నవి. ఆ లంకలను ఆసరా చేసుకొని ఆనకట్టను ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ఖండాలుగా కట్టాడు. నాలుగూ కలిపితే తాపీకట్టడమే మూడున్నర కిలోమీటర్లకు పైచిలుకు. రాయి ధవళేశ్వరం కొండనుండి వచ్చినది. సున్నం, ఇటుక, రాయి అన్నీ ఉన్నవి గాని పునాదికి కావలసిన బండ మాత్రం నదిలో లేదు. ఉన్నదంతా ఇసుకే. కావేరిమీద చోళుల నాటి కల్లణై ఇసుకమీదనే శతాబ్దాలుగా నిలిచి ఉండడం కాటన్ చూచి ఉన్నాడు. ఆ ధైర్యంతో ఇసుకలో బావుల వరుసలు దింపి, వాటిమీద ఈ కట్టడాన్ని నిలబెట్టాడు. తరువాత జరిగినదంతా అర్థం కావాలంటే ఈ ఇసుకను మరచిపోరాదు.

(కోరుకొండకు మాత్రం ఈ కాలువల నీరు రాలేదు. కాలువలు ధవళేశ్వరం దగ్గర మొదలై పల్లానికి పోతాయి. కోరుకొండ ఎగువన మెట్టమీద ఉన్నది. ఈ శతాబ్దంలో పుష్కర ఎత్తిపోతల పథకం గోదావరి నీటిని మరలతో పైకి తోడేదాకా ఆ మెట్ట ప్రాంతం ముఖ్యంగా చెరువులను, వానలను నమ్ముకొన్నదే.)

ఆనకట్ట పూర్తయి పదేళ్ళు తిరగకుండానే అది చాలదని తేలినది. సాగు పెరిగినది, కాలువలు పొడవైనవి, నీటికి గిరాకీ హెచ్చినది. కాలువలోకి ఎంత నీరు పారుతుందో ఆనకట్ట వెనుక నీటి ఎత్తును బట్టి ఉంటుంది. ఆ ఎత్తు పెంచడానికి 1862–67 మధ్య ఆనకట్టను రెండడుగులు లేపారు. 1897–99లో తొమ్మిది అంగుళాల కాంక్రీటు వేసి, దానిపైన రెండడుగుల ఎత్తుగల తలుపులు అమర్చారు. 1936లో ర్యాలి, మద్దూరు ఖండాలతో మొదలుపెట్టి మూడడుగుల తలుపులు పెట్టారు.

ఆ తలుపుల ఏర్పాటు చక్కనిది. నది సన్నగా పారే రోజులలో అవి నిలబడి ఉండి నీటిని మరి రెండు మూడడుగులు పైకి పట్టి ఉంచుతాయి. వరద వచ్చి నీటి ఒత్తిడి ఒక హద్దు దాటితే వాటంతట అవే పడిపోయి ప్రవాహానికి దారి ఇస్తాయి. వరద తగ్గిన తరువాత మనుషులు వాటిని మళ్ళీ లేపి నిలబెట్టాలి. పాత శరీరాన్ని కదల్చకుండా దాని పని పెంచడమంటే ఇదే. ఇది గాక ఏటేటా చేసే మరమ్మతులు వేరే ఉండేవి. ఆనకట్ట దిగువ పరచిన రాళ్ళను ప్రతి వరదా కొంత కొట్టుకుపోయేది. వేసవిలో మళ్ళీ రాయి తెచ్చి పోసేవారు.

ఇట్లా ఎంతకాలమైనా ఎత్తు పెంచుకుంటూ పోవచ్చునా? పోరాదు. ఎందుచేతననగా, ఆనకట్ట వెనుక నిలిచిన నీరు గోడను మాత్రమే నెట్టదు; గోడ కిందుగా ఇసుకలోకి దిగి, మెల్లగా ఊరుకుంటూ దిగువ వైపున పైకి వస్తుంది. వెనుక నీటి ఎత్తు తక్కువగానూ, కిందుగా నడవవలసిన దారి పొడవుగానూ ఉంటే ఆ ఊట నీరసించి బయటపడుతుంది, హాని లేదు. దారి అంతే ఉండి నీటి ఎత్తు పెరిగిందా, ఊట వేగం హెచ్చుతుంది. బయటికి వచ్చేచోట ఇసుక రేణువులను లేపుకుపోగల వేగం దానికి వచ్చిందంటే, అక్కడ మొదలైన గుల్ల వెనక్కి వెనక్కి పాకి, చివరకు పైనున్న తాపీ కింద ఆధారం లేకుండా చేస్తుంది. పైకి గోడ చెక్కుచెదరకుండానే కనిపిస్తూ ఒకనాడు కుంగిపోతుంది.

కాటన్ నాటికి ఈ లెక్క ఎవరికీ తెలియదు. ఊట నడిచే దారికీ నీటి ఎత్తుకూ ఉండవలసిన నిష్పత్తిని బ్లై అనే ఇంజనీరు 1910 ప్రాంతంలో చెప్పాడు. అది చాలదని, ఊట బయటపడే చోట వేగమే అసలు ప్రమాదమని ఖోస్లా, ఆయన సహచరులు 1936లో ప్రచురించిన గ్రంథంలో నిరూపించారు. ధవళేశ్వరంలో మూడడుగుల తలుపులు అమర్చడం మొదలైనదీ ఆ ఏడే. తలుపులు కొత్తవి, పునాది 1847 నాటిది.

కృష్ణమీద ఏమి జరిగినదో ఇక్కడ చూడాలి. విజయవాడ దగ్గర ఆనకట్ట 1852–55 మధ్య కట్టబడినది. గోదావరి ఆనకట్టకు చెల్లెలు వంటిది. మరమ్మతులతో, ఎత్తు పెంపులతో అదీ దాదాపు నూరేళ్ళు నడిచినది. 1952లో వరదకు గండి పడినది. అప్పుడు కొత్త బరాజు సంగతి తప్పించుకోరానిదై, 1954లో పని మొదలుపెట్టి 1957లో ప్రకాశం బరాజును పూర్తిచేశారు. అక్కడ ఇంజనీర్లు కొత్త కట్టడాన్ని తొందరగానే కట్టారు, అది మెచ్చుకోదగినదే. కాని ఎప్పుడు కట్టాలో నిర్ణయించినది వారు కాదు, నది.

గోదావరిమీద ఆ పని నదికి వదలలేదు. పాత ఆనకట్ట నీరు ఇస్తూ ఉండగానే 1970లో కొత్త బరాజు పని ఆరంభించి 1982లో ముగించారు. పన్నెండేళ్ళపాటు పాతది కాపలా కాస్తుండగా కొత్తది లేచినది. దానికిప్పుడు 175 తలుపులు: ధవళేశ్వరం వైపు 70, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39. కాటన్ గీచిన నాలుగు ఖండాల పేర్లు, కాలువల తలలు అట్లాగే ఉన్నవి. మారినది వాటిని కలిపే కట్టడం. పాతది ముఖ్యంగా కదలని గోడ. కొత్తది ముఖ్యంగా తలుపులు. వరద వచ్చినప్పుడు తలుపులెత్తితే నదికి అడ్డు దాదాపు ఉండదు. ఇసుకా నీటితోపాటు సాగిపోతుంది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చి డెల్టా ఊళ్ళను ముంచి తీవ్ర నష్టం చేసినప్పుడు కూడా నాలుగేళ్ళ వయస్సుగల బరాజు నిలిచినది. పాత ఆనకట్టే ఉండి ఉంటే ఏమై ఉండేదో చెప్పడం ఊహ మాత్రమే అవుతుంది. కాని ఆ పరీక్ష దానికి పెట్టవలసిన అవసరం రాలేదు.

ఇప్పుడు ఉపాధ్యాయుని లాప్‌టాప్ సంగతి. మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తదే కొనాలని అంగళ్ళలో ఒక మాట ఉన్నది. ఈ లెక్క సులభమే గాని దానిలో అసలు ప్రశ్న లేదు. పాతబడినది తలుపులా, పునాదా?

దానిలో తలుపులవంటివి మూడు. ఒకటి బ్యాటరీ. 1991లో బజారుకు వచ్చిన లిథియం అయాన్ బ్యాటరీయే ఇప్పటికీ లాప్‌టాప్‌లలో ఉన్నది. ప్రతిసారి నింపి వాడినప్పుడల్లా దాని లోపలి గ్రాఫైటుమీద పలుచని పొర పెరిగి కొంత లిథియాన్ని పట్టి ఉంచుకొంటుంది. వేడికి ఇది త్వరపడుతుంది. మే నెలలో గోదావరి జిల్లా తరగతి గది బ్యాటరీకి మేలు చేసేది కాదు. రెండవది డిస్కు. పాత లాప్‌టాప్‌లలో ఇది సాధారణంగా నిమిషానికి 5,400 చుట్లు తిరిగే పళ్ళెం. కావలసిన అక్షరం కోసం ఒక సన్నని చేయి దానిమీద అటూ ఇటూ కదలాలి. కదిలే భాగమే లేని ఎస్‌ఎస్‌డీని దాని స్థానంలో పెడితే, హాజరు పిలిచేలోపల మేలుకొనని యంత్రం పేరు పిలిచేలోపల మేలుకొంటుంది. మూడవది జ్ఞాపకం, అనగా ర్యామ్. ఇది చాలనప్పుడు యంత్రం తన పనిని డిస్కుమీదికి దింపి ఎత్తుకుంటూ కూర్చుంటుంది. నాలుగు గిగాబైట్లను ఎనిమిది చేస్తే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.

పునాది వేరు. అది ప్రాసెసరు, దానిని మోసే మదర్‌బోర్డు. లాప్‌టాప్‌లో ప్రాసెసరును సాధారణంగా బోర్డుకే టంకం వేసి అతికిస్తారు. దానిని మార్చడమంటే లాప్‌టాప్‌నే మార్చడం. ఈ పునాదిమీద పడే బరువు ఏటా పెరుగుతుంది. విండోస్ 10కి ఉచిత భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరయితే సాధారణంగా ఎనిమిదవ తరానిది లేక తరువాతిది కావాలి. ఎనిమిదో తరం 2017లో వచ్చినది. అంటే ఎనిమిదేళ్ళ లాప్‌టాప్ సరిగ్గా సరిహద్దుమీద నిలిచి ఉన్నది. దాని అడుగున ఉన్న చీటీ చదవకుండా డబ్బు ఖర్చుపెట్టడం, ఇసుక చూడకుండా గోడ పెంచడమే. ప్రాసెసరు ఆ గీతకు ఇవతల ఉంటే, ఎస్‌ఎస్‌డీ, ర్యామ్, బ్యాటరీ మూడింటికీ పెట్టిన డబ్బు ఊరికే పోదు. అవతల ఉంటే మరొక దారి ఉన్నది: ఉచితంగా దొరికే లినక్స్ వేసుకొని పాఠాలు వ్రాయడానికి, చిత్రాలు చూపడానికి వాడుకోవడం. పరీక్ష ఫలితాలు పంపే పనికి విండోస్‌లోనే నడిచే సాఫ్ట్‌వేరు తప్పనిసరి అయితే ఆ దారీ మూసుకుపోతుంది.

తలుపులు మార్చడానికి వీలుండాలన్నది కూడా పుట్టుకలో నిర్ణయమైపోతుంది. 1981లో వచ్చిన ఆస్‌బర్న్ అనే మోసుకుపోయే కంప్యూటరు బరువు రమారమి 11 కిలోలు. బరువు తగ్గించడమే అప్పటినుండి ఈ యంత్రాల చరిత్ర. 2008లో ఆపిల్ సంస్థ విడుదల చేసిన పలుచని మాక్‌బుక్ ఎయిర్‌లో ర్యామ్‌ను బోర్డుకే టంకం వేశారు. ఆ పద్ధతి తరువాత చాలా పలుచని యంత్రాలకు పాకినది. చేతికి తేలికైనది, మరమ్మతుకు బరువైనది. దీనికి ఎదురుగా అమెరికాలో ఫ్రేమ్‌వర్క్ అనే సంస్థ 2021లో మదర్‌బోర్డుతో సహా అన్నీ మార్చుకోదగిన లాప్‌టాప్‌ను బజారుకు తెచ్చినది. మన దేశంలో 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించినది. కాబట్టి అంగడికి పోయేముందు ఆ నమూనాలో ర్యామ్ అమర్చే గాడి ఉన్నదా లేదా అని విచారించుకోవాలి. ఒక్క గాడి ఉన్నా కథ మారుతుంది.

ఇవన్నీ తేల్చుకొనేలోపల చేయవలసిన పని ఒకటున్నది. పాఠాలు, జాబితాలు వేరొక డిస్కుమీదికి ఎత్తిపెట్టాలి. తిరిగే డిస్కు టకటకలాడడం మొదలుపెట్టిన తరువాత నిర్ణయం ఉపాధ్యాయుని చేతిలో ఉండదు. 1952లో కృష్ణ దగ్గర ఎవరి చేతిలోనూ లేనట్లే.

ధవళేశ్వరం బరాజుకూ ఇప్పుడు నలభై ఏళ్ళు దాటినవి. ఉక్కు తలుపులు నీటిలో నాని తుప్పు పడతాయి, అంచుల రబ్బరు అరుగుతుంది, లేపే గొలుసులు, తాళ్ళు మార్చవలసి వస్తుంది. ఇట్టి బరాజులలో ఒక తలుపు చెడితే దాని ముందు అడ్డుపలకలు దింపి, ఆ ఒక్క ఖానాలో నీటిని ఆపి, తలుపును బాగుచేస్తారు. మిగిలిన 174 తలుపుల పని ఆగదు.