విశాఖ తీరమున విహారస్థలములు



మన మార్కాపురము, గిద్దలూరు సీమలకు సముద్రము దూరము. జలవిస్తారమనిన మనకు కంభము చెరువే జ్ఞప్తికి వచ్చును. ఉత్సవమనిన చెన్నకేశవస్వామి తేరే. అట్టి మనవారును నేడు సెలవులు దొరకినంతనే విశాఖపట్టణమునకు పోవుచున్నారు. అచ్చటి వినోదస్థలములు ఎట్లు పుట్టినవో యెఱిగి చూచుట మేలని ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

పూర్వులు విహారమునకై సముద్రమునకు పోలేదు. పర్వదినములందు గాక అన్యదినములందు దానిని తాకరాదని పెద్దల మాట. మాఘపూర్ణిమ వంటి దినములందు స్నానమాడి, తర్పణములు విడిచి మరలివచ్చెడివారు. తక్కిన దినములందు ఆ యిసుక జాలరుల పనితావు. వలలు ఆరవేయుటకును, తెప్పలు నిలుపుటకును, చేపలు ఎండబెట్టుటకును అదియే వారికి కళ్లము.

గాలికొఱకు తీరమునకు పోవుట ఆంగ్లేయుల వలన వచ్చిన అలవాటు. వారి ద్వీపమునందలి వేల్సు దేశమున లాండుడ్నో యను ఊరికి 1858లో రైలు వచ్చెను. జనులు వెల్లువెత్తిరి. 1877లో సముద్రములోనికి పొడవైన వారధిని కట్టిరి. అది ఓడలకు రేవు, జనులకు షికారుబాట. విశాఖలోని దొరలు వాల్తేరు మెట్టపై బంగళాలు కట్టుకొని సముద్రపు గాలి ననుభవించిరి.

పంతొమ్మిదవ శతాబ్దము చివర విశాఖకు రైలును, 1933లో ఓడరేవును వచ్చినవి, ఊరు పెరిగెను. 1938లో వెలసిన రామకృష్ణ మిషన్ ఆశ్రమము పేరే చెంతనున్న తీరమునకు నిలిచినది. నేడు అందఱు ఆర్.కె. బీచి యనునది అదియే. 1977లో జంతుప్రదర్శనశాల తెఱవబడెను.

1971 డిసెంబరు యుద్ధమున పాకిస్థాను జలాంతర్గామి ఘాజీ ఈ తీరమునకు చేరువనే మునిగెను. ఆ విజయమునకు స్మారకముగా 1996లో తీరమున స్తూపము నిలిపిరి. 1969లో మన నౌకాదళమున చేరిన కురుసురా జలాంతర్గామి 2001లో విశ్రాంతి పొందగా, దానిని ఇసుకపైకి లాగించి, 2002లో ప్రదర్శనశాలగా చేసిరి. నేను నా విద్యార్థులను అందు నడిపించినప్పుడు, ఆ యిఱుకున మనుష్యులు నెలల తరబడి ఎట్లు బ్రతికిరని వారు నివ్వెఱపోయిరి. పుస్తకము చెప్పలేని పాఠమును ఆ యినుపగొట్టము చెప్పినది. 2017లో టి.యు.142 విమానమును దానికి ఎదుటనే చేర్చిరి.

వీనిని చూచుటకు టిక్కెట్టు కొనుట న్యాయమే. కాపాడుటకు వ్యయమగును గదా. కాని సముద్రమునకే టిక్కెట్టు పెట్టినచో? 2023లో ఋషికొండ తీరమున ప్రవేశరుసుము విధింప యత్నింపగా జనులు అభ్యంతరపెట్టిరి, ప్రభుత్వము విరమించెను. ఆ అభ్యంతరము ధర్మసమ్మతమని నా తలంపు. తేరు లాగుటకు మోకు పట్టినవానిని రుసుమడుగుదుమా? కట్టిన వింతకు వెల యుండవచ్చును; కట్టని సముద్రమునకు వెల లేదు. కూలివాడును కోటీశ్వరుడును ప్రక్కప్రక్కన నిలువగల తావులు లోకమున కొన్నియే యున్నవి.

కావున మనవారు అచ్చటికి పోవునప్పుడు రెండు మాటలు మఱువరాదు. ఆ కెరటములు మన చెరువు అలలు గావు. కాలిక్రింది యిసుకను లాగి మనిషిని లోనికీడ్చును. పిల్లల చేయి విడువకుడు. మఱియు ఆ యొడ్డున వల లాగుచున్న జాలరి మన వినోదములో భాగము గాడు. అతని పనితావునకు మనమే అతిథులము. అతిథి మర్యాద పాటింపుడు.