గోడ గడియారం - దాని వయసు, దాని విలువ

మన పెద్దల ఇళ్ళలో గోడకు లోలకపు గడియారం వేలాడుతూ ఉండేది. వారానికి ఒకసారి కీ ఇస్తే చాలు, ఇంటిల్లిపాదికీ వేళ చెప్పేది. ఇప్పుడు అవి రెండు విధాల మన చేతుల్లోంచి జారిపోతున్నాయి. ఆగిపోయిందని కొందరు పాత సామాన్లవాడికి తూకానికి వేసేస్తున్నారు. నూరేళ్ళ నాటిదన్న మాట నమ్మి మరికొందరు నిన్నగాక మొన్న తయారైన దానికి పెద్ద ధర పోస్తున్నారు. అన్నదమ్ముల పంపకాలలోనైతే దాన్ని లెక్కలోకే తీసుకోరు. గడియారం చరిత్ర కాస్త తెలిసి ఉంటే ఈ నష్టం ఉండదు.

లోలకంతో నడిచే గడియారాన్ని 1656లో హాలెండు శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ హైగెన్స్ రూపొందించాడు. అంతకుముందు గడియారాలలో రోజుకు పావుగంట తేడా వచ్చినా వింత లేదు. లోలకం వచ్చాక ఆ తేడా సెకన్లలోకి దిగింది. కారణమేమంటే, లోలకం ఊపు దాని పొడవును బట్టి ఉంటుంది గాని బరువును బట్టి కాదు. సుమారు 99 సెంటీమీటర్ల లోలకం ఒక వైపు నుంచి రెండో వైపుకు సరిగ్గా ఒక సెకనులో చేరుతుంది. ఎండాకాలంలో లోహపు కడ్డీ సాగి గడియారం వెనకబడుతుంది. అప్పుడు బిళ్ళ కింది మరను కాస్త పైకి తిప్పితే సర్దుకుంటుంది.

చక్రాలను యంత్రాల మీద కోయడం మొదలైన తరువాతే ఇవి సామాన్యుల ఇళ్ళకు చేరాయి. గుస్తావ్ బెకర్ 1847లో సైలీషియాలోని ఫ్రైబుర్గులో పని ప్రారంభించాడు; ఆ ఊరు నేడు పోలండులో ఉన్నది. 1861లో జర్మనీలోని ష్రాంబెర్గులో యుంగ్‌హాన్స్ సంస్థ పుట్టింది. 8 కోణాల నక్షత్రం, నడుమ 'జె' అక్షరం దాని గుర్తు. జపానులో హత్తోరి కింతారో 1892లో సీకోషా కర్మాగారం స్థాపించాడు. అమెరికాలోని ఆన్సోనియా కంపెనీ యంత్రసామగ్రి 1929లో సోవియట్ రష్యాకు అమ్ముడుపోయింది. ఆ పేరుతో తరువాత వచ్చిన నకళ్ళు కూడా ఉన్నాయి, జాగ్రత్త!

ఇక గుర్తుపట్టడం ఎలాగో చూద్దాం. ముందుగా లోలకాన్ని చేత్తో ఆపండి. ముళ్ళు ఆగిపోతే అది నిజమైన లోలకం. నడుస్తూనే ఉంటే లోపల బ్యాటరీ ఉన్నదన్నమాట, లోలకం కేవలం అలంకారం. డయల్ మీద కీ రంధ్రాలు రెండుంటే సాధారణంగా ఒకటి నడకకు, రెండోది గంటలు కొట్టడానికి.

డయల్ మీది పేరును మాత్రమే నమ్మరాదు. అది అమ్మిన షాపు పేరు కావచ్చు, కొత్తగా అచ్చువేసిందీ కావచ్చు. అసలు సాక్ష్యం లోపలి ఇత్తడి రేకు మీది ముద్ర, నంబరు. ఉదాహరణకు బెకర్ గడియారాల నంబరు 1892లో 10 లక్షలకు చేరింది. నంబరు అంతకు మించితే ఆ తరువాతిదే. అలాగే విదేశీ సరుకు మీద దేశం పేరు వేయించే చట్టం బ్రిటన్‌లో వచ్చింది 1887లో. కాబట్టి 'మేడ్ ఇన్ జర్మనీ' అని ఉన్నదాన్ని 1850 నాటిదని ఎవరన్నా అంటే నమ్మనక్కరలేదు. బిళ్ళ మీది 'ఆర్', 'ఎ' అక్షరాలు యజమాని పేరూ కాదు, కంపెనీ పేరూ కాదు. ఆలస్యం, ముందు అనే అర్థమిచ్చే ఫ్రెంచి మాటల మొదటి అక్షరాలవి.

పెట్టె లోపల పనిలేని మేకు రంధ్రాలు కనిపిస్తే, యంత్రం మరో గడియారానిది కావచ్చు. ఒకదాని పెట్టె, ఇంకొకదాని యంత్రం కలిపినదానికి విలువ సగానికి సగం పడిపోతుందంటే ఆశ్చర్యం లేదు. వయసు ఒక్కటే ధర నిర్ణయించదు. పెట్టె, యంత్రం, డయల్, ముళ్ళు, లోలకం అన్నీ మొదటివేనా, నడుస్తున్నదా, గంటలు సరిగా కొడుతున్నదా అన్నది చూస్తారు. అందుచేత అమ్మే ముందు రంగు వేయించడం, డయల్ మార్పించడం చేయకండి. మెరుగుపెట్టబోయి ధర పోగొట్టుకున్నట్లవుతుంది. విరిగిన ముక్కలనైనా పారేయక పెట్టెలోనే ఉంచండి. ఒక్కరి మాట మీద కాక ఇద్దరు ముగ్గురు పనివాళ్ళకు చూపించి ధర తెలుసుకోండి.

మరొక సంగతి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం 100 ఏళ్ళు దాటిన చారిత్రక వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదు. గల్ఫులోనో అమెరికాలోనో ఉన్న పిల్లలకు పంపదలచినవారు ముందుగా పురావస్తు శాఖవారిని అడిగి, పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకొనుట మంచిది.

మన సభ్యులందరికీ చివరగా ఒక మనవి. మీ ఇంటి గడియారం లోపలి ముద్ర, నంబరు, ఎవరు కొన్నారు, ఏ ఊళ్ళో కొన్నారు అన్నవి ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే అడిగి ఒక కాగితం మీద రాసి, పెట్టె లోపల ఉంచండి. రేపు అమ్మినా పంచుకున్నా ఉంచుకున్నా, ఆ కాగితం మీ పిల్లలకు ఎంతో పనికివస్తుంది.