అవమానమూ శరీరమూ: కోనసీమ పాలేరు అనుభవం

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత గోదావరి డెల్టా వరిపొలాలుగా మారిన తీరు మీకు తెలుసు. గన్నవరం అక్విడక్టు మీదుగా వైనతేయ పాయను దాటి కాలువ నీరు రాజోలు ప్రాంతానికీ చేరింది. ఎన్ని ఎకరాలు సాగైందీ, ఎంత శిస్తు వచ్చిందీ రెవెన్యూ రికార్డుల్లో దొరుకుతుంది. ఆ పొలాల్లో ఏడాది ఒప్పందం మీద పనిచేసిన దళిత పాలేరు ఒంట్లో, మనసులో ఏం జరిగిందో మాత్రం వాటిలో దొరకదు. ఈ భాగంలో ఆ విషయాన్ని పరిశీలిద్దాం.

ముందు శరీరధర్మం కొంత తెలుసుకోవాలి. గట్టు మీద పాము కనబడితే మీ గుండె దడదడలాడుతుంది, నోరు ఎండిపోతుంది, కండరాలు బిగుసుకుంటాయి. అడ్రినలిన్, దాని వెనుక కార్టిసాల్ అనే హార్మోన్లు రక్తంలోకి వస్తాయి. ఎదిరించడానికో పారిపోవడానికో శరీరం ఇలా సిద్ధపడుతుందని అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లో వివరించాడు. పాము వెళ్ళిపోయాక ఒళ్ళు కుదుటపడుతుంది.

పాలేరుకు అలా కుదుటపడే వీలు తక్కువ. ఎదురు మాట్లాడితే దెబ్బలు. పారిపోదామంటే ముందుగా తీసుకున్న అప్పు. అంటే శరీరం సిద్ధం చేసుకున్న రెండు దారులూ మూసి ఉన్నాయి. పైగా ప్రమాదం ఎప్పుడో ఒకసారి వచ్చేది కాదు. ఊళ్ళోకి వస్తూ చెప్పులు చేతపట్టుకోవడం, దోసిట్లో ఎత్తి పోసిన నీళ్ళు తాగడం, తండ్రి వయసువాణ్ణి కూడా కామందుల పిల్లవాడు ‘ఒరే’ అని పిలవడం రోజూ ఉండేవే. ఏమీ జరగని రోజున కూడా ఏం జరుగుతుందోనని కాచుకుని ఉండాలి. మింగిన కోపం ఇంట్లో భార్యాపిల్లల మీద పడవచ్చు, లేదా మనిషి ఏదీ పట్టనట్టు మొద్దుబారవచ్చు. దాన్ని చూసి ‘వాళ్ళకు అలవాటే’ అనుకున్నవారు పొరబడ్డారు.

ఇలా పదేపదే సిద్ధపడటం వల్ల శరీరంలో పేరుకునే అరుగుదలకు 1993లో బ్రూస్ మెక్‌యూవెన్, ఇలియట్ స్టెల్లర్ ‘అలోస్టాటిక్ లోడ్’ అని పేరు పెట్టారు. రక్తపోటు, నిద్రలేమి, గుండెజబ్బులు దీనితో ముడిపడినవే. బ్రిటన్‌లో 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం ప్రభుత్వోద్యోగులను పరిశీలించి, కింది హోదావారిలో గుండెజబ్బు మరణాలు పై అధికారులలో కన్నా చాలా ఎక్కువని చూపింది. పొగతాగడం వంటి అలవాట్లు ఆ తేడాలో కొంత భాగాన్నే వివరించగలిగాయి. నెల జీతం, పదవీ భద్రత ఉన్న గుమాస్తాల సంగతే ఇది!

రికార్డులు చెప్పనిచోట చరిత్ర విద్యార్థి సాహిత్యాన్ని ఆశ్రయించాలి. రాజోలు ప్రాంతంలోని మామిడికుదురులో 1911లో దళిత కుటుంబంలో పుట్టిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకం రాశారు. అందులో పాలేరు కుర్రవాడు చదువుకుని పెద్ద ఉద్యోగానికి ఎదుగుతాడు. నాటకం చూసిన దళిత తల్లిదండ్రులు పిల్లలను బడికి పంపారని చెబుతారు. మూసుకుపోయిన రెండు దారుల పక్కన మూడో దారి ఉందని ఆ ప్రేక్షకులకు తోచి ఉంటుంది.

ఆ దారిలో నడిచినవారి మనుమలకు కూడా కాచుకుని ఉండటం పూర్తిగా తప్పలేదు. కోనసీమ జిల్లా పేరుకు అంబేద్కర్ పేరు చేర్చాలన్న ప్రతిపాదనపై 2022 మే 24న అమలాపురంలో జరిగిన ఆందోళన హింసాత్మకమైంది. మంత్రి ఇల్లు, శాసనసభ్యుని ఇల్లు తగలబడ్డాయి. తరువాత కొన్నాళ్ళు ఇంటర్నెట్ ఆగిపోయింది. ఏ ఇంటికీ నిప్పు అంటుకోని పేటల్లో ఆ రాత్రులు ఎలా గడిచాయో మీ ప్రాంతపు పెద్దలను అడిగి రాసుకోండి. ఏం జరిగిందన్న దానితోపాటు నిద్ర పట్టిందా, అన్నం సయించిందా అని కూడా అడగండి.