చెత్తకొండ నుంచి చెత్తసంచి దాకా

ఏ ఊరి చరిత్ర తీసినా రాజులూ, కోటలూ, యుద్ధాలూ ఉంటాయి గానీ ఆ ఊరి చెత్త ఎక్కడికి పోయిందో ఎవరూ రాయరు. నన్నడిగితే ఒక నగరానికి ముందుచూపు ఎంతుందో తెలుసుకోవడానికి అంతకన్నా మంచి లెక్క లేదు. నాకు తెలిసినంతలో ఈ లెక్క బాగా చేసిన ఊరు సియోల్. బాగా అన్నానని అంతా సవ్యంగా జరిగిందనుకునేరు... అదీ చెప్తాను.

సియోల్ పక్కన హాన్ నదిలో నాంజీదో అని ఒక దీవి ఉండేది. మన గోదావరి లంకల్లాంటిదన్నమాట. పూలకి పేరు, వేరుశనగ పండేది. 1978లో నగరం దాన్ని డంపింగ్ యార్డు చేసింది. 1993లో మూసేదాకా పదిహేనేళ్ళలో అక్కడ పోసిన చెత్త సుమారు 9 కోట్ల 20 లక్షల టన్నులు. లంక కాస్తా దాదాపు వంద మీటర్ల ఎత్తున రెండు కొండలయ్యింది! చెత్త ఏరుకుని బతికే వందల కుటుంబాలు దాని మీదే గుడిసెలేసుకుని ఉండేవి. సియోల్ ధనవంతమైన నగరంగా ఎదిగిన రోజులూ, 1988 ఒలింపిక్స్ జరిపిన రోజులూ ఇవే.

నాంజీదో నిండిపోతుంటే 1992లో గింపో తీరాన సముద్రాన్ని పూడ్చిన నేల మీద ఇంకా పెద్ద యార్డు తెరిచారు. సియోల్, ఇంచాన్, గ్యాంగీ మూడింటి చెత్తా అక్కడికే. ఇక్కడితో ఆగిపోతే ఇదీ అన్ని ఊళ్ళ కథే: ఒక గొయ్యి నిండింది, ఇంకో గొయ్యి వెతికారు.

తేడా 1995 జనవరి 1న వచ్చింది. అంతకుముందు చెత్తకి డబ్బులు ఇంటిపన్నునో, ఇంటి విస్తీర్ణాన్నో బట్టి కట్టేవాళ్ళు. ఎంత పారేసినా అంతే. తక్కువ పారేసినవాడికి పైసా లాభం లేదు. ఆ రోజు నుంచి దేశమంతా కొత్త పద్ధతి: చెత్తని ప్రభుత్వం అచ్చేసిన సంచిలోనే వెయ్యాలి, ఆ సంచి దుకాణంలో కొనుక్కోవాలి. పెద్ద సంచికి ఎక్కువ ధర, చిన్నదానికి తక్కువ. కాయితం, సీసాలు, డబ్బాలు వేరుచేసి పెడితే మాత్రం ఉచితంగా తీసుకెళ్తారు. అంతే! కొత్త మిషను లేదు, ఉపన్యాసాలు లేవు. మీటరు లేని కరెంటుకి మీటరు పెట్టారు. జనం సంచిని తొక్కి తొక్కి నింపారు, కొందరు దొంగచాటుగా రోడ్డు పక్కన పడేశారు కూడా. అయినా యార్డుకి పోయే చెత్త బాగా తగ్గింది, రీసైక్లింగుకి వచ్చేది పెరిగింది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ఘనతంతా సంచిదే కాదు. ఒకప్పుడు సియోల్ చెత్తలో పెద్ద వాటా బొగ్గు దిమ్మల బూడిదే. చలికాలం ఇళ్ళు వేడి చేసుకోవడానికి కాల్చేవి. ఇళ్ళకి గ్యాసు పైపులొచ్చాక ఆ బూడిద దానంతటదే మాయమైంది. గణాంకాలు చూపించి "మా పథకం వల్లే" అనేవాళ్ళని నేను అందుకే సగమే నమ్ముతాను.

తర్వాతి సమస్య తిండి. మిగిలిన కూరలూ, అన్నమూ కుళ్ళితే వాసన, మురుగు. తిండి వ్యర్థాన్ని నేరుగా పాతిపెట్టకూడదన్న నిషేధం 2005లో అమల్లోకి వచ్చింది. కానీ ఆ సంగతి 1997లోనే చెప్పేశారు. మధ్యలో ఉన్న ఎనిమిదేళ్ళలో ఎరువూ, పశువుల దాణా తయారుచేసే ప్లాంట్లు కట్టుకున్నారు. 2013 నుంచి తిండికీ తూకం వేసి డబ్బులు తీసుకోవడం మొదలెట్టారు. చాలా అపార్టుమెంట్లలో కార్డు చూపిస్తే డబ్బా మూత తెరుచుకుంటుంది, బరువు చూసుకుని బిల్లు వేస్తుంది. దీనికీ ఒక మరక ఉంది. 2012 చివరిదాకా ఆ తిండి పిండగా వచ్చిన నీళ్ళని సముద్రంలో పారబోశారు. "రీసైక్లింగ్" అన్న మాట వెనక ఇలాంటివి దాక్కుంటాయి.

ఇక అసలు పరీక్ష. గింపో యార్డు 2016లో మూయాలని మొదటి మాట. 2015లో పర్యావరణ శాఖ, సియోల్, ఇంచాన్, గ్యాంగీ నలుగురూ కూర్చుని గడువు పొడిగించుకున్నారు. "మీ చెత్త మా ఊళ్ళో ఎన్నాళ్ళు?" అని ఇంచాన్ వాళ్ళ గోల. చివరికి 2021లో నిబంధన తెచ్చారు: 2026 జనవరి 1 నుంచి రాజధాని ప్రాంతంలో ఇళ్ళ చెత్తని నేరుగా పాతిపెట్టకూడదు, కాల్చగా మిగిలిన బూడిదే పాతాలి. కాల్చడానికి సియోల్ రోజుకి వెయ్యి టన్నుల కొత్త ప్లాంటు అనుకుంది. ఎక్కడ? మాపోలోని సాంగామ్‌లో. అంటే పాత నాంజీదో పక్కనే! ఒక ప్లాంటు అక్కడ అప్పటికే ఉంది. జనం కోర్టుకెళ్ళారు. స్థలం ఎంచిన కమిటీ ఏర్పాటే చట్టప్రకారం లేదని 2025 జనవరిలో కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. 2026 వచ్చింది, నిషేధమూ వచ్చింది, కొత్త ప్లాంటు మాత్రం రాలేదు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ రెండు గడువుల తేడా వెంటనే అర్థమవుతుంది. తేదీ ప్రకటించడం ప్లాను కాదు. 1997 నుంచి 2005 దాకా పని జరిగింది కాబట్టి ఆ తేదీ నిలబడింది. రెండోసారి తేదీ ఉంది గానీ, "ఎవరి వీధిలో?" అన్న ప్రశ్నకి జవాబు లేదు.

నాంజీదో కొండలు ఇప్పుడు పార్కు. 2002 ప్రపంచకప్ నాటికి పైన మట్టి కప్పి గడ్డి పెంచారు, లోపలి మీథేన్‌ని పైపుల్లో పట్టి చుట్టుపక్కల భవనాలకి వేడి ఇస్తున్నారు. ఫోటోలు చూస్తే అందంగానే ఉంటుంది. కానీ పదిహేనేళ్ళు ఆ వాసన పీల్చిన చోటికే నగరం మళ్ళీ వెళ్ళింది. ఒకసారి చెత్త మోసిన ఊరు ఎప్పటికీ మోస్తూనే ఉండాలా? సంచికి ధర కట్టగలిగిన నగరం ఈ భారానికీ ధర కట్టి, అన్ని పేటలకీ సమానంగా పంచగలిగితే అప్పుడు దాన్ని నిజమైన దీర్ఘకాల ప్రణాళిక అంటాను.