ఉండటం వేరు, దొరకడం వేరు

ఏ ప్రోగ్రామూ ఒంటరిగా నిలబడదు. సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్ళకి ఇది పాత మాటే. స్త్రీల చరిత్రని వెతుక్కుంటున్న మనకి కూడా ఈ మాటతో పని ఉందనిపించి రాస్తున్నాను.

తెరమీద ‘స్త్రీ’ అని కొడితే సకారం కింద ఒత్తులు, పైన గుడిదీర్ఘం సరైన చోట కూర్చోవాలి. ఈ విద్యని ప్రతి ప్రోగ్రామూ విడిగా నేర్చుకోదు. ఎవరో ఒకసారి రాసిపెట్టిన కోడ్‌ని పిలిచి ఆ పని చేయించుకుంటుంది. అందరి వాడకానికీ అలా దాచిపెట్టిన కోడ్‌నే లైబ్రరీ అంటారు. 2000ల్లో మండవల్లిలో మా ఇంట్లో కూర్చుని లినక్స్ మీద తెలుగు చూపించే ప్రోగ్రాములు బిల్డ్ చేసుకునేదాన్ని. బిల్డ్ వ్యవస్థ ముందు ఈ లైబ్రరీల కోసమే వెతికేది. పాంగో ఉందా? ఏ వెర్షన్? దానికి కావలసిన గ్లిబ్, ఫ్రీటైప్ ఉన్నాయా? ఏ ఒక్కటి దొరక్కపోయినా దాని పేరు చెప్పి ఆగిపోయేది. ఆ పేర్లు నోటుబుక్కులో రాసుకుని గుడివాడ నెట్ సెంటర్‌కి వెళ్ళి, సీడీలో తెచ్చుకునేదాన్ని.

ఒక్కోసారి విచిత్రం జరిగేది. లైబ్రరీ డిస్కులోనే ఉంటుంది, అయినా ‘లేదు’ అంటుంది. ఎందుకంటే వెతికే వ్యవస్థకి ముందే ఒక దారుల జాబితా రాసిపెట్టి ఉంటుంది. సిస్టమ్‌తో వచ్చిన లైబ్రరీల డైరెక్టరీ అందులో ఉంటుంది. మనం స్వయంగా కూర్చుకున్నవి చేరే డైరెక్టరీ చాలాసార్లు ఉండదు. ఆ దారిని మన చేత్తో చేర్చాలి. చేర్చగానే, అంతవరకూ ‘లేనిది’ దొరికేస్తుంది!

అసలీ వెతికే పనిని యంత్రానికి నేర్పిందెవరు? 1949లో కేంబ్రిడ్జిలో పని మొదలుపెట్టిన ఎడ్‌శాక్ కంప్యూటరుకి లైబ్రరీ అంటే అలమరలో దాచిన కాగితం టేపులు. కావలసిన టేపుని మనిషే వెతికి తీయాలి. అమెరికాలో గ్రేస్ హాపర్, 1944లో హార్వర్డ్‌లో చేరాక, తోటివాళ్ళతో కలిసి పనికొచ్చే కోడ్ ముక్కల్ని నోటుబుక్కుల్లో దాచుకునేవారు. చేత్తో ఎత్తి రాసినప్పుడల్లా తప్పులు దొర్లేవి. చిరునామాల కూడికలు తప్పేవి. ఎత్తిరాయడం, కూడటం యంత్రమే చేయొచ్చు కదా అనుకున్నారామె. 1952 నాటికి యూనివాక్ మీద ‘ఎ-0’ తయారైంది. ఒక్కో కోడ్ ముక్కకి ఒక కాల్ నంబరు, మన గ్రంథాలయాల్లో పుస్తకానికి ఇచ్చినట్టే. నంబరు చెబితే చాలు. యంత్రమే టేపులో వెతికి, తెచ్చి, చిరునామాలు సరిచేసి అతికించేది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన ‘మేక్’, 2000లో వచ్చిన ‘సీమేక్’ ఈ దారిలో తర్వాతి మజిలీలు.

హాపర్ పేరు చరిత్రకి దొరికింది. మరి 1946లో లోకానికి చూపించిన ఎనియాక్‌కి ప్రోగ్రాములు రాసిన ఆరుగురు? కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్. ఫోటోల్లో ఆడవాళ్ళు కనిపిస్తూనే ఉన్నారు. 1980లలో కాథీ క్లైమన్ అనే విద్యార్థిని వీళ్ళెవరని అడిగితే, ఫ్రిజ్ ప్రకటనల్లో లాగా అందానికి నిలబెట్టిన మోడళ్ళని జవాబొచ్చింది. ఆమె అక్కడితో ఆగక వాళ్ళనే వెతుక్కుంటూ వెళ్ళింది. ఆధారం కళ్ళెదుటే ఉంది. చూసేవాళ్ళ దారుల జాబితాలోనే ‘ప్రోగ్రామర్ ఆడమనిషి కావచ్చు’ అన్న దారి లేదు.

మనింట్లో మాత్రం? ఆధునిక తెలుగు కథ 1910లో ‘దిద్దుబాటు’తో మొదలైందని చాలాకాలం చదువుకున్నాం. బండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లోనే ‘హిందూ సుందరి’లో అచ్చయింది. ఆ పత్రిక పుట్టింది మాకు దగ్గర్లోని ఏలూరులోనే. ఆ కథ ఎక్కడికీ పోలేదు, అచ్చయిన చోటే ఉంది. అది స్త్రీల పత్రిక. కథకి ‘మొదలు’ వెతికినవాళ్ళ దారి అటు పోలేదు.

రెండు వెతుకులాటలకీ ఒక పెద్ద తేడా ఉంది. ఆధారం దొరక్కపోతే బిల్డ్ వ్యవస్థ ఆగి, ఏది కావాలో పేరుతో సహా చెబుతుంది. సాహిత్య చరిత్ర ఆగదు. లోటుతోనే పూర్తయిపోయి, పాఠ్యపుస్తకమై, పరీక్షలో ప్రశ్నయి కూర్చుంటుంది. ఏం తప్పిపోయిందో చెప్పే సందేశం ఏదీ రాదు.

కాబట్టి ‘ఆ రోజుల్లో రాసిన ఆడవాళ్ళు లేరు’ అని ఎవరైనా అంటే నేనిప్పుడు వాదనకి దిగను. ఎక్కడెక్కడ వెతికారని అడుగుతాను. స్త్రీల పత్రికలు చూశారా? ఉత్తరాలు, ఇంటి లెక్కల పుస్తకాలు? కొల్లేరు చరిత్ర రాసేవాళ్ళనీ ఇదే అడగాలి. 1999 అభయారణ్య ప్రకటన, 2006లో చెరువుగట్ల కూల్చివేత ప్రభుత్వ కాగితాల్లో దొరుకుతాయి. మా లంక గ్రామాల్లో చేపలు ఎండబెట్టి, గంపల్లో మోసుకెళ్ళి అమ్మిన ఆడవాళ్ళ మాట కావాలంటే ఆ గుమ్మాల దాకా నడవాలి. ఆ దారిని జాబితాలో చేర్చాల్సింది మనమే, వాళ్ళింకా చెప్పగలిగే వయసులో ఉండగానే.