రిఫ్‌పై మనోధర్మ సోలో

రిఫ్‌పై మనోధర్మ సోలో అంటే స్పష్టమైన కార్డులు లేని హెవీ మెటల్ రిఫ్‌ను (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరగుచ్ఛాన్ని) ఆధారం చేసుకుని గిటారిస్టు అప్పటికప్పుడు చేసే స్వరకల్పన. 1970 ఫిబ్రవరి 13న వెలువడిన బ్లాక్ సబాత్ బృందం తొలి ఆల్బం హెవీ మెటల్ సంగీతానికి తొలి మైలురాళ్లలో ఒకటి. అందులోని శీర్షిక పాట రిఫ్ షడ్జం, తారషడ్జం, ప్రతిమధ్యమం అనే మూడింటిపైనే నిలుస్తుంది.

ఇలాంటి రిఫ్‌లలో తరచు వాడే పవర్ కార్డులో షడ్జ పంచమాలే ఉంటాయి, గాంధారం ఉండదు. అందువల్ల మేజరో మైనరో తేల్చే అవకాశం తరచు సోలో వాయించేవారిదే. రిఫ్ పదేపదే తిరిగివచ్చే స్వరాన్ని ముందుగా షడ్జంగా తీసుకుంటారు. గిటారు ఆరో తీగ ఇ (సుమారు 82.4 హెర్ట్జ్) ఆధారమై, పక్క మెట్టులోని ఎఫ్ కూడా పలికితే అది శుద్ధ రిషభం. దానికి జి తోడైతే సాధారణంగా ఫ్రిజియన్, అంటే 8వ మేళకర్త హనుమతోడి స్వరాలు వాడతారు. జి షార్ప్ అయితే 14వ మేళకర్త వకుళాభరణం సరిపోతుంది. ఆ రెండూ వినిపించనప్పుడే కల్పనకు ఎక్కువ చోటు దొరుకుతుంది.

తెలుగువారిలో దీనికి దగ్గరి సాధన పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్‌ది (1969–2014). ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్‌పై కార్డుల ఆసరా లేకుండా, శ్రుతినే ఆధారం చేసుకుని రాగాలాపన సాగించారు. గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో రిమెంబర్ శక్తి బృందంలోనూ వాయించారు.