తెర మీద పుట్టిన వాద్యబృందం: ‘ది మంకీస్’ చరిత్ర

అమెరికాలోని ఎన్‌బీసీ టెలివిజన్‌లో 1966 సెప్టెంబరు 12న మొదలైన ‘ది మంకీస్’ అనే హాస్య ధారావాహిక, పేరు కోసం పాట్లుపడే నలుగురు యువ సంగీతకారుల కథ. కల్పితమైన ఆ రాక్ బృందం ప్రసారకాలంలోనే నిజమైన బృందంగా మారడం వల్ల, జనరంజక సంగీతానికీ టెలివిజన్‌కూ మధ్య సాగిన సహకారాన్నీ సంఘర్షణనూ అర్థం చేసుకోవడానికి ఈ ధారావాహిక విలువైన ఆధారం.

దీనికి రూపమిచ్చిన బాబ్ రఫెల్సన్, బర్ట్ ష్నైడర్ అనే నిర్మాతలు, బీటిల్స్ బృందం నటించగా 1964లో విడుదలైన ‘ఎ హార్డ్ డేస్ నైట్’ చిత్రంలోని వేగాన్నీ చిలిపితనాన్నీ వారం వారం ఇంటింటికీ చేర్చవచ్చునని భావించి, కొలంబియా పిక్చర్స్ వారి టెలివిజన్ విభాగమైన స్క్రీన్ జెమ్స్ సంస్థను ఒప్పించారు. 1965 సెప్టెంబరులో సినీ వాణిజ్య పత్రికలలో వెలువడిన ప్రకటనకు 437 మంది స్పందించారు. చివరికి ఎంపికైన నలుగురిలో మికీ డోలెంజ్ బాలనటుడిగా టెలివిజన్‌కు పరిచితుడు కాగా, మాంచెస్టర్‌లో పుట్టిన డేవీ జోన్స్ రంగస్థలం మీద పేరు తెచ్చుకొన్నవాడు. పీటర్ టార్క్ న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్‌లో జానపద గీతాలు పాడినవాడు, టెక్సస్‌కు చెందిన మైకేల్ నెస్మిత్ సొంతంగా పాటలు కట్టేవాడు. డోలెంజ్ డ్రమ్స్ వాయించడం ఈ పాత్ర కోసమే నేర్చుకొన్నాడు.

పాటల తయారీ మాత్రం వారి చేతుల్లో లేదు. సంగీత పర్యవేక్షకుడైన డాన్ కర్ష్‌నర్ వృత్తి రచయితల చేత పాటలు రాయించగా, సెషన్ కళాకారులు, అంటే ఏ బృందానికీ కట్టుబడకుండా రికార్డింగుకింత అని పారితోషికం తీసుకొని వాయించే నిపుణులు, వాద్యభాగాన్ని పూర్తిచేసేవారు. నలుగురూ ప్రధానంగా గాత్రం అందించేవారు. ధారావాహిక కన్నా ముందే 1966 ఆగస్టులో విడుదలైన ‘లాస్ట్ ట్రెయిన్ టు క్లార్క్స్‌విల్’, ఆ తరువాత నీల్ డైమండ్ రచించిన ‘అయామ్ ఎ బిలీవర్’ అమెరికాలో ప్రథమస్థానానికి చేరాయి. ఇటువంటి పని విభజన ఆనాటి లాస్ ఏంజిలిస్ స్టూడియోలలో మామూలే. బీచ్ బాయ్స్, బర్డ్స్ వంటి బృందాల రికార్డులలోనూ సెషన్ కళాకారులు వాయించారు. అయినప్పటికీ, ప్రతివారం వాద్యాలు పట్టుకొని తెర మీద కనిపించే ఈ నలుగురి విషయంలో అది మోసంగా తోచి, కృత్రిమ బృందమన్న నింద వారి మీదే పడింది.

ఆ నింద అందరికన్నా ఎక్కువగా బాధించింది నెస్మిత్‌నూ టార్క్‌నూ. 1967 జనవరిలో తమ ఆమోదం లేకుండానే రెండవ ఆల్బమ్ వెలువడడంతో వివాదం ముదిరి, కొద్ది వారాలలోనే కర్ష్‌నర్ తొలగింపుకు దారితీసింది. అదే ఏడాది మే నెలలో వచ్చిన ‘హెడ్‌క్వార్టర్స్’ ఆల్బమ్‌లో వాద్యభాగాన్ని చాలావరకు ఆ నలుగురే వాయించారు. వృత్తి నిపుణుల నునుపు అందులో లేకపోయినా, తమ సంగీతానికి తామే బాధ్యులమన్న ధీమా ఉంది. అది కూడా ప్రథమస్థానాన్ని అందుకొన్నది. ఉత్తమ హాస్య ధారావాహికగా 1967లో ఎమ్మీ పురస్కారం పొందిన ఈ కార్యక్రమం, 58 భాగాల అనంతరం 1968 మార్చిలో ముగిసింది.

కర్ష్‌నర్ ఆ తరువాత ‘ఆర్చీస్’ అనే కార్టూన్ బృందానికి సంగీతాన్ని సమకూర్చి, తెర మీది పాత్రలు ఎదురు చెప్పే అవకాశమే లేని పద్ధతిని ఎంచుకొన్నాడు. పాటకు కథతో నిమిత్తం లేకుండా దృశ్యాలను వేగంగా కూర్చిన ‘మంకీస్’ శైలి తరువాతి మ్యూజిక్ వీడియోలకు దారి చూపగా, 1986లో ఎంటీవీ చేసిన పునఃప్రసారాలు కొత్త తరాన్ని ఆకట్టుకొన్నాయి. వ్యాపారం కోసం పుట్టడం ఈ బృందానికి తీరని లోపమని విమర్శకులు చాలాకాలం భావించినా, తమ పేరుతో వెలువడే పాటను తామే వాయించాలని ఆ నలుగురు పట్టుబట్టి సాధించుకొన్న హక్కును గణించినప్పుడు, రాక్ సంగీత చరిత్రలో వారికి గౌరవస్థానం ఇవ్వడమే న్యాయం.